విశాఖలో పెద్ద మోటారు డిష్: గురి కుదరనప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

డాబా మీద ఆరడుగుల నుంచి పన్నెండు అడుగుల సీ-బ్యాండ్ డిష్ (చిన్న డిష్‌ల కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో వచ్చే చానెళ్లని పట్టేది) పెట్టుకుని, దాన్ని యాక్చుయేటర్ మోటారుతో, అంటే సాగుతూ ముడుచుకుంటూ డిష్‌ని నెట్టే కడ్డీ మోటారుతో, తూర్పుకీ పడమరకీ తిప్పుకునేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లు ఫోన్లోనూ, డాబా మెట్ల మీదా నన్ను అడిగే ప్రశ్నలివి. ఇందులోని అంకెలు విశాఖకి, అంటే 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశానికి లెక్కగట్టినవి. గాజువాకలో ఉన్నా భీమిలిలో ఉన్నా ఇవే సరిపోతాయి. వేరే జిల్లాల వాళ్లు పద్ధతి తీసుకుని, అంకెలు తమ ఊరికి వేసుకోవాలి.

సిగ్నల్ పోయింది. ముందు ఏ బోల్టు విప్పాలి?

ఏదీ విప్పొద్దు. పానా పక్కన పెట్టి, రిమోట్‌తో డిష్‌ని 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న శాటిలైట్ల వైపు తిప్పి చూడండి (83, 66, 105.5 అని ఇక్కడ చెప్పేవన్నీ శాటిలైట్ల రేఖాంశాలే).

విశాఖకి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే. ఇస్రో వాళ్ల జీశాట్-30, జీశాట్-10 ఉన్న స్థానం 83 డిగ్రీలు. అంతకుముందు అక్కడ ఇన్శాట్-4ఏ ఉండేది. దాని బదులుగా 2020 జనవరి 17న జీశాట్-30ని పంపారు. మన ఊరి రేఖాంశం 83.2. అంటే ఆ శాటిలైట్ మనకి దాదాపు నికరంగా దక్షిణాన, 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. శాటిలైట్లన్నీ ఆకాశంలో తూర్పు నుంచి పడమరకి ఒక వంపులో వరసగా ఉంటాయి కదా, ఆ వంపు శిఖరం మన నెత్తిన సరిగ్గా 83 దగ్గరే పడుతుంది. విజయవాడ వాళ్లకి ఈ సుఖం లేదు. అక్కడి నుంచి చూస్తే 83 దక్షిణానికి దాదాపు ఎనిమిది డిగ్రీలు తూర్పుగా ఉంటుంది.

కాబట్టి 83 మీద రిసీవర్ చూపించే సిగ్నల్ క్వాలిటీ బాగుంటే డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే డబ్బా), కేబుల్, రిసీవర్ నాలుగూ చాలా వరకు బాగున్నట్టే. తప్పు మోటారులోనో, మౌంట్ (డిష్‌ని స్తంభానికి పట్టి ఉంచే, తిరిగే చట్రం) ఉత్తర దక్షిణాల్లోనో ఉంది. 83 కూడా రాకపోతే ముందు దాన్ని పట్టుకోవాలి. అది కుదరకుండా మిగతావాటి వెంట పడితే రోజంతా ఎండలో గడిచిపోతుంది, పని తెమలదు.

దక్షిణం ఎటో ఖాయంగా ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో కంపాస్ ఉంది కదా?

మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. అందువల్ల కంపాస్ మీద నాకు ఆ కోపం లేదు. శ్లాబులో ఉన్న ఇనుప చువ్వలు, పక్కనే నిలబడ్డ ఇనుప స్తంభం, యాక్చుయేటర్ మోటారులోని అయస్కాంతం కలిసి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తాయి. అదే డాబా మీద నాలుగు మూలల్లో నాలుగు దక్షిణాలు చూపించిన ఫోన్ నేను చూశాను.

నీడని నమ్మండి. దారానికి గుండు కట్టి వేలాడదీయండి. సూర్యుడు నడినెత్తి గీత దాటే క్షణంలో ఆ దారం నీడ నికరంగా ఉత్తర దక్షిణాలుగా పడుతుంది. ఆ క్షణం మనకి పన్నెండింటికి రాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం కాబట్టి సగటున 11 గంటల 57 నిమిషాలకి వస్తుంది. అదీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు: నవంబరు మొదట్లో 11:41కే వచ్చేస్తుంది, ఫిబ్రవరి మధ్యలో 12:11 దాకా ఆగుతుంది. డిసెంబరు 25 ప్రాంతంలో, ఏప్రిల్ మధ్యలో, సెప్టెంబరు మొదట్లో 11:57 సరిపోతుంది.

ఏప్రిల్‌లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు నీడ పొట్టిగా ఉండి గిర్రున తిరుగుతుంది. ఏప్రిల్ మధ్యలో ఒక్క నిమిషం ఆలస్యమైతే దాదాపు రెండు డిగ్రీలు తప్పుతారు. డిసెంబరులో అదే నిమిషానికి పోయేది మూడో వంతు డిగ్రీ. పైగా డిసెంబరు ఎండలో నాలుగడుగుల కర్రకి మూడున్నర అడుగుల నీడ పడుతుంది, గీత గీసుకోవడం తేలిక. ఇంకో సంగతి: మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. గీత అదే గీత, కానీ ఏ కొస ఉత్తరమో తలకిందులవుతుంది. జూన్‌లో ఇది మరిచిపోయి మౌంట్ వెనక్కి బిగించినవాళ్లున్నారు.

మబ్బు పట్టి నీడ లేదా? పక్కింటి డాబా చూడండి. టాటా ప్లే డిష్ 83 మీదే ఉంటుంది, అంటే బాగా వస్తున్న టాటా ప్లే డిష్ విశాఖలో దక్షిణాన్ని చూస్తూ ఉంటుంది. డీడీ ఫ్రీ డిష్ 93.5 మీద ఉంటుంది, అది దక్షిణానికి 31 డిగ్రీలు తూర్పుకి తిరిగి ఉండాలి. వీధిలో నాలుగైదు ఇళ్ల డిష్‌లు చూసి పోల్చుకుంటే మీ మౌంట్ ఎంత పెడగా ఉందో కంటికే తెలిసిపోతుంది.

స్తంభం కొంచెం ఒరిగి ఉంది. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ఉత్తర దక్షిణాలకి ఒరిగితే కోణం సర్దుకోవచ్చు, తూర్పు పడమరలకి ఒరిగితే చాలా వరకు మోటారు మింగేస్తుంది. కానీ ఒరిగిన స్తంభం మీద మౌంట్‌ని ఎటు తిప్పినా ఎత్తు కూడా దాంతో పాటే మారుతుంది. ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది. రసమట్టం స్తంభానికి రెండు పక్కలా, ఒకదానికొకటి అడ్డంగా, ఆనించి చూడండి. డిష్ ఎక్కించాక బరువుకి వంగే స్తంభాలూ ఉంటాయి కాబట్టి, డిష్ పైన ఉండగానే చూడాలి.

మౌంట్ కోణాలు ఎంత పెట్టాలి?

మౌంట్ తిరిగే ఇరుసు నేలతో చేసే కోణం 18.1 డిగ్రీలు. ఇరుసు మీద డిష్‌ని ముందుకి వంచే కోణం, డెక్లినేషన్ అంటాం, 2.7 డిగ్రీలు. రెండూ కలిపితే 20.8. డిష్ 83 మీద ఉన్నప్పుడు దాని వీపు నేల మట్టానికి ఇంతే వాలు ఉండాలి. డిష్ వెనక చదునైన భాగం మీద కోణం మీటరు పెట్టి చూడండి. ఫోన్‌లో వచ్చే రసమట్టం కూడా దీనికి చాలు.

పాత పుస్తకాల్లో ఇరుసుకి 17.7, వంపుకి 3.1 అని కనిపిస్తే కంగారు పడకండి. అదీ సరైనదే, మొత్తం అంతే వస్తుంది. 18.1 పెట్టడం వల్ల బాగా తూర్పున, బాగా పడమరన ఉన్న శాటిలైట్ల దగ్గర గురి ఇంకొంచెం మెరుగ్గా కలుస్తుంది.

83 అద్దంలా వస్తోంది. 66 రాదు, 105.5 రాదు. ఏం చేయాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. విశాఖ డాబాల మీద నేను చూసిన తప్పుల్లో మొదటిదీ ఇదే. మౌంట్ ఉత్తర దక్షిణాల నుంచి పక్కకి తిరిగి ఉంటుంది.

ఏమవుతుందంటే, మౌంట్ నాలుగు డిగ్రీలు పక్కకి తిరిగినా శిఖరం దగ్గర గురి తప్పేది 1.4 డిగ్రీలే. ఎందుకంటే 69 డిగ్రీల ఎత్తుకి చూస్తున్న డిష్‌ని స్తంభం చుట్టూ తిప్పితే అది ఆకాశంలో కదిలే దూరం తక్కువ. ఆ కాస్తా రిమోట్‌తో జరిపి 83ని మళ్లీ పట్టుకుంటాం, అంతా బాగుందనుకుంటాం. కానీ 105.5 దగ్గరికి వెళ్లేసరికి డిష్ వంపుకి పైనుంచో కిందనుంచో పోతుంది. మోటారుని ఎంత అటూ ఇటూ ఆడించినా ఆ తేడా తీరదు. అది మోటారు తిప్పే దిక్కు కాదు.

పరీక్ష చేతులతోనే చేయాలి. ఇద్దరు కావాలి, ఒకరు డిష్ దగ్గర, ఒకరు టీవీ దగ్గర. డిష్‌ని 105.5 స్థానానికి తిప్పండి. అక్కడ ఆసియాశాట్-7 ఉంటుంది. మన దక్షిణం నుంచి 53 డిగ్రీలు తూర్పుకి, 57 డిగ్రీల ఎత్తులో. ఇప్పుడు డిష్ కింది అంచు పట్టుకుని మెల్లిగా కిందికి నొక్కండి. క్వాలిటీ పెరిగిందా? లేదంటే అదే అంచుని పైకి ఎత్తండి. కింది అంచు దిగితే డిష్ చూపు కిందికి దిగుతుంది, ఎత్తితే పైకి లేస్తుంది. ఏది పెంచిందో రాసుకోండి. తర్వాత 66కి తిప్పండి. అది ఇంటెల్‌శాట్-17, దక్షిణం నుంచి 46 డిగ్రీలు పడమరకి, 61 డిగ్రీల ఎత్తులో. అక్కడా ఇలాగే.

తూర్పున నొక్కితే పెరిగి, పడమరన ఎత్తితే పెరిగితే మౌంట్ తూర్పుకి తిరిగి ఉంది, పడమరకి జరపాలి. తూర్పున ఎత్తాల్సి వచ్చి, పడమరన నొక్కాల్సి వస్తే మౌంట్ పడమరకి తిరిగి ఉంది, తూర్పుకి జరపాలి. రెండు చివర్లా ఒకే పని పెంచితే అది వేరే జబ్బు, కింద చెప్తాను.

జరపడం ఎంత? ఇక్కడే అందరూ తప్పుతారు. మూడంగుళాలదని అమ్మే పైపు బయటి చుట్టుకొలత దాదాపు 279 మిల్లీమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి వచ్చేది 0.8 మిల్లీమీటర్ల కన్నా తక్కువ. గోరు మందం తిరిగితే డిగ్రీ పోయినట్టు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, కరెంటు తిరిగొచ్చిన రోజుల్లో, గోపాలపట్నంలో మా బావగారి డాబా ఎక్కాను. ఎనిమిది అడుగుల జాలీ డిష్, ఒక్క రేకు కూడా వంగలేదు. 83 వస్తోంది, మిగతావేవీ లేవు. మోటారు పోయిందని ఆయన కొత్తది తెప్పించే ఆలోచనలో ఉన్నారు. నేను క్లాంపు కింద స్తంభాన్ని గుడ్డతో తుడిచి చూశాను. బోల్టు మొన ఆనే చోట పచ్చ పెయింటు గీరుకుపోయి, నెలవంకలా సన్నటి ఇనుప గీత తళతళమంటోంది. స్కేలు పెట్టి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు. అంటే నాలుగు డిగ్రీలకి కాస్త తక్కువ. ఎనిమిది అడుగుల డిష్‌కి సీ-బ్యాండ్‌లో పుంజం వెడల్పు (డిష్ సిగ్నల్‌ని బాగా పట్టే కోణం) రెండు డిగ్రీల పైచిలుకు, అంటే మధ్య నుంచి ఒక డిగ్రీ తప్పితేనే సిగ్నల్ సగం పడిపోతుంది. ఆ గీత లెక్కన 105.5 దగ్గర డిష్ ఒకటిన్నర డిగ్రీల పైనే తప్పింది. బోల్టులు అరచుట్టు వదులు చేసి, మౌంట్‌ని ఆ గీత పొడవు మేర వెనక్కి తిప్పి, 83ని మోటారుతో మళ్లీ పట్టుకుని, బిగించాం. సాయంత్రానికి అన్నీ వచ్చాయి. ఆయన కొత్త మోటారు కొనలేదు.

బిగించేటప్పుడు ఒక బోల్టుని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకండి. బిగింపుకే మౌంట్ ఒక డిగ్రీ తిరుగుతుంది. అన్నిటినీ కొంచెం కొంచెంగా, ఎదురెదురు జతలుగా, మీటరు చూసుకుంటూ బిగించండి.

రెండు చివర్లా నొక్కితేనే (లేదా రెండు చివర్లా ఎత్తితేనే) పెరుగుతోంది.

రెండు వైపులా నొక్కాల్సి వస్తే ఇరుసు కోణం ఎక్కువై, డెక్లినేషన్ తక్కువై ఉంది. ఇరుసుని ఎంత తగ్గిస్తే డెక్లినేషన్‌ని అంత పెంచండి, మొత్తం 20.8 మారకూడదు. ఎత్తాల్సి వస్తే దీనికి ఎదురు.

కానీ ఒక మాట. 66 నుంచి 105.5 లోపల ఈ తప్పు పెద్దగా కనపడదు. రెండు కోణాలూ ఒక్కో డిగ్రీ తారుమారైనా 105.5 దగ్గర తేడా డిగ్రీలో పదో వంతే. 49 డిగ్రీల యమల్ లాంటివాటి దగ్గరికి వెళ్తేనే అది బయటపడుతుంది. దగ్గరి శాటిలైట్లకే రెండు చివర్లా పోతుంటే ముందు డిష్ ఆకారాన్ని అనుమానించండి. అంచు నుంచి అంచుకి రెండు పురికొసలు ప్లస్ గుర్తులా బిగువుగా కట్టండి. మధ్యలో రెండూ ఒకదానికొకటి తగలాలి. మధ్యలో సందు ఉంటే డిష్ వంకర పోయింది. జాలీ డిష్‌కి కింద రేకుల బోల్టులు వదులు చేసి సర్దితే చాలాసార్లు సరిపోతుంది. దారాలు రెండోసారి పైది కిందకి మార్చి కూడా చూడండి, ఒక దారం ఇంకోదాన్ని ఎత్తి పట్టి మోసం చేయొచ్చు.

స్ట్రెంత్ 80 చూపిస్తోంది, క్వాలిటీ సున్నా.

స్ట్రెంత్ అంటే ఎల్‌ఎన్‌బీ నుంచి కేబుల్ దాకా ఏదో ఒకటి వస్తోందని మాత్రమే. ఖాళీ ఆకాశం చూపించినా అది కనపడుతుంది. గురి చూసేటప్పుడు నేను స్ట్రెంత్ గీత వైపు అసలు చూడను.

క్వాలిటీ సున్నా అంటే గురి పక్క శాటిలైట్ మీద ఉండొచ్చు, రిసీవర్లో పాత ఫ్రీక్వెన్సీ ఉండొచ్చు, నిలువు అడ్డం పోలరైజేషన్ తారుమారై ఉండొచ్చు. ఫ్రీక్వెన్సీలు తరచూ మారుతుంటాయి, పోయిన ఏడాది జాబితాతో డిష్‌ని అనుమానించకండి. బ్లైండ్ స్కాన్ (రిసీవర్ ఫ్రీక్వెన్సీలన్నీ తానే వెతికేది) పెట్టండి. వచ్చిన చానెళ్ల పేర్లు చూస్తే ఏ శాటిలైట్ మీద ఉన్నారో తెలిసిపోతుంది. రిసీవర్ మెనూలో సీ-బ్యాండ్ ఎల్‌ఎన్‌బీకి లోకల్ ఆసిలేటర్ (ఎల్‌ఎన్‌బీ లోపలి ఫ్రీక్వెన్సీ) 5150 అని ఉందో లేదో కూడా చూసుకోండి. రిసీవర్ని రీసెట్ చేశాక ఇది చిన్న డిష్‌ల కేయూ-బ్యాండ్ అంకెకి మారిపోయి ఉంటుంది.

ఎల్‌ఎన్‌బీ ఎంత తిప్పాలి, ఎంత దూరంలో పెట్టాలి?

తిప్పడం 83 మీదే, ఒక్కసారే. శిఖరం దగ్గర శాటిలైట్ నిలువు మన నిలువుతో కలుస్తుంది కాబట్టి ఎల్‌ఎన్‌బీ మీద సున్నా గుర్తు నిలువుగా పెట్టి, క్వాలిటీ పెరిగే వైపు రెండు మూడు డిగ్రీలు ఆడించి బిగించండి. మౌంట్ తిరిగేటప్పుడు ఎల్‌ఎన్‌బీ కూడా దాంతో పాటే వాలుతుంది, మిగతావాటికి విడిగా సర్దక్కర్లేదు. ఒక్కో శాటిలైట్‌కి ఎల్‌ఎన్‌బీ తిప్పాల్సి వస్తోందంటే మౌంట్‌లో తప్పుంది.

దూరానికి లెక్క తేలిక. డిష్ వ్యాసాన్ని దాంతోనే గుణించి, లోతుని 16తో గుణించి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. 244 సెంటీమీటర్ల డిష్ లోతు 40 ఉంటే 93 సెంటీమీటర్లు వస్తుంది. ఫీడ్‌హార్న్ (ఎల్‌ఎన్‌బీ ముందుండే గొట్టం) నోరు డిష్ మధ్య నుంచి అంత దూరంలో ఉండాలి, దానికి మూడు కాళ్లూ సమానంగా ఉండాలి. ఒక కాలు పొట్టిదైతే ఎల్‌ఎన్‌బీ చూపు డిష్ మధ్యలో పడదు. డిష్ అంచు మీద మూడు చోట్ల నుంచి ఫీడ్‌హార్న్‌కి పురికొస పట్టి కొలిస్తే తెలుస్తుంది.

నిన్న బాగా ఆగిన చోటే ఇవాళ ఆగడం లేదు. రోజూ కొంచెం కొంచెం జరుగుతోంది.

పొజిషనర్‌కి, అంటే మోటారుని నడిపే పెట్టెకి, డిష్ కనపడదు. యాక్చుయేటర్ లోపల చిన్న అయస్కాంతాలున్న చక్రం తిరుగుతుంటే, పక్కన రీడ్ స్విచ్ కలుస్తూ విడుస్తూ ఉంటుంది. ఆ టిక్కులు లెక్కపెట్టుకుని అది డిష్ ఎక్కడుందో ఊహిస్తుంది. ఒక్క టిక్కు తప్పినా తర్వాతివన్నీ తప్పుతాయి.

మన ఊళ్లో ఇది సముద్రం చేసే పని. పెదవాల్తేరులో బీచ్‌కి దగ్గరి ఇంట్లో ఒక యాక్చుయేటర్ మూత తీశాను. నాలుగు స్క్రూల్లో రెండు తుప్పుతో విరిగిపోయాయి. లోపల రీడ్ స్విచ్, అగ్గిపుల్ల ముక్కంత గాజు గొట్టం, బాగానే ఉంది. దాని కాళ్లకి అతికిన రాగి తీగలు మాత్రం ఆకుపచ్చ పొడిగా మారి, ముట్టుకుంటే రాలిపోయాయి. చక్రం కింద తెల్లగా ఉప్పు పేరుకుంది. తీగలు కొత్తవి అతికి, ఉప్పు దులిపి, మూతకి కొత్త రబ్బరు వాషరు వేస్తే ఆ యాక్చుయేటర్ మళ్లీ పనిలోకి వచ్చింది. మల్టీమీటర్ని బీప్ మీద పెట్టి సెన్సర్ తీగలకి తగిలించి మోటారు తిప్పితే బీప్ ఆగుతూ మోగుతూ ఉండాలి. ఏకధాటిగా మోగినా, అసలు మోగకపోయినా స్విచ్ మార్చాలి.

సెన్సర్ తీగల్ని మోటారు తీగలతో కలిపి ఒకే కట్టగా లాగకండి. మోటారు కరెంటు పక్క తీగల్లో దొంగ టిక్కులు పుట్టిస్తుంది. డిష్ కదులుతుండగా కరెంటు పోతే లెక్క తప్పుతుంది, అందుకే వేసవి కోతల రోజుల్లో పొజిషనర్ని చిన్న యూపీఎస్ మీద పెట్టుకోవడం మేలు.

టిక్కులు సరిగ్గా ఉండి కూడా గురి తప్పుతుంటే కీళ్లలో ఆట ఉంది. యాక్చుయేటర్ బోల్టు తిరిగే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. డిష్ అంచు పట్టుకుని తూర్పు పడమరలకి ఊపండి. టక్ అని చప్పుడొస్తే అదే. ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ల చేత ఇత్తడి బుష్ వేయించుకుంటే ఏళ్లు వస్తుంది.

మోటారు మెల్లిగా కదులుతోంది, లేదా ఒకవైపే వెళ్తోంది.

మెల్లిగా అంటే తీగ సన్నం. 36 వోల్టుల మోటారు మూడు ఆంపియర్లు లాగితే, 30 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటరు తీగలో ఆరు వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 తీగలో పోయేవి రెండే. లోపలి గొట్టానికి గ్రీజు ఎండిపోయినా ఇలాగే ఉంటుంది.

ఒకవైపే వెళ్తే పొజిషనర్లో సాఫ్ట్ లిమిట్ (ఇంతకు మించి తిరగొద్దని పెట్టుకునే హద్దు) తప్పుగా నమోదై ఉండొచ్చు, లేదా యాక్చుయేటర్ చివర్లో ఉండే లిమిట్ స్విచ్ అతుక్కుని ఉండొచ్చు. ముందు సాఫ్ట్ లిమిట్లు చెరిపేసి చూడండి.

2022 తర్వాత అన్ని శాటిలైట్లూ ఒకేసారి బలహీనపడ్డాయి. డిష్ కదిలిందా?

అన్నీ ఒకేలా పడిపోతే గురి సంగతి కాకపోవచ్చు. 2022లో 5జీకి 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా వేలం వేశారు. మన టీవీ చానెళ్లు 3700 నుంచి 4200 లోపల వస్తాయి, కానీ పాత ఎల్‌ఎన్‌బీలు చాలా వరకు 3400 నుంచే వింటాయి. ఇంటి దగ్గర్లో 5జీ టవరుంటే ఆ హోరుకి ఎల్‌ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరవుతుంది. డిష్‌ని తిప్పుతుంటే ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా పాడవుతుంటే ఇదే కారణమని పట్టుకోవచ్చు. 3700 నుంచి 4200 మాత్రమే వదిలే ఫిల్టరు ఫీడ్‌హార్న్‌కీ ఎల్‌ఎన్‌బీకీ మధ్య వేయాలి, లేదా లోపలే ఫిల్టరున్న 5జీ ఎల్‌ఎన్‌బీ కొనాలి. కేబుల్ చివర వేసే ఫిల్టరు పనిచేయదు, అప్పటికే ఎల్‌ఎన్‌బీ లోపల పాడైపోయి ఉంటుంది.

వాన పడితే పోతోంది.

సీ-బ్యాండ్‌ని వాన పెద్దగా ఏమీ చేయదు. చినుకులకే పోతే నీళ్లు కనెక్టర్లోకో, ఫీడ్‌హార్న్ మూత లోపలికో దిగాయి. కనెక్టర్ విప్పి మధ్య తీగ నల్లబడిందేమో చూడండి. మూత పగిలిన చోట కందిరీగలు గూడు పెట్టడం కూడా మామూలే. గొట్టంలో మట్టి నిండితే గురి ఎంత చూసినా లాభం లేదు. మనకి డిష్ దాదాపు పళ్లెంలా పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి, నిండు రేకు డిష్ అయితే కింది అంచు దగ్గర నీరు పోయే రంధ్రం ఆకులతో మూసుకోకుండా చూసుకోండి.

మార్చిలో, అక్టోబరు మొదట్లో మధ్యాహ్నం కాసేపు అన్నీ పోతాయెందుకు?

ఆ రోజుల్లో సూర్యుడు శాటిలైట్ వెనక్కి వస్తాడు. మన ఊరికి మార్చి 12, 13 తేదీలూ, సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీలూ నడిమధ్య. అటూ ఇటూ రెండు మూడు రోజులు ఉంటుంది, రోజుకి పది నిమిషాల లోపు. అది రిపేరు కాదు, దేన్నీ ముట్టుకోకండి.

నిజానికి ఏడాదిలో ఈ నాలుగైదు రోజుల కోసం నేను ఎదురుచూస్తాను. ఇంతకన్నా మంచి గురి పరికరం డబ్బు పెట్టినా దొరకదు. మార్చి 12న డిష్‌ని 83 మీద పెట్టి 12 గంటల 8 నిమిషాలకి దాని ముందు నిలబడండి. గురి సరిగ్గా ఉంటే ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ నడిమధ్యలో, బొట్టు పెట్టినట్టు పడుతుంది. పక్కకి పడితే ఎటు, ఎంత తప్పారో కంటి ముందే ఉంటుంది. అదే రోజు ఉదయం 10:23 ప్రాంతంలో డిష్‌ని 105.5 మీద, మధ్యాహ్నం 1:27 ప్రాంతంలో 66 మీద పెట్టి చూడండి. మూడు చోట్లా నీడ మధ్యలోనే పడితే మీ మౌంట్ సరిగ్గా ఉంది, మీటరు కూడా అక్కర్లేదు. అక్టోబరు 1న ఇవన్నీ ఇరవై నిమిషాలు ముందే వచ్చేస్తాయి. మెరిసే నిండు రేకు డిష్ అయితే ఎక్కువసేపు ఉంచకండి, ఎండంతా ఒక్కచోట చేరి ఎల్‌ఎన్‌బీ మూత కరుగుతుంది.

యూసాల్స్ పెట్టుకుంటే అన్నీ తానే వెతుక్కుంటుందంటారు?

యూసాల్స్ అంటే ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే శాటిలైట్ ఎక్కడుందో రిసీవరే లెక్కగట్టే పద్ధతి. అది చిన్న డిష్‌ల కింద బిగించే మోటార్లకి. వాటికైతే 17.7 ఉత్తరం, 83.2 తూర్పు అని ఇవ్వండి. 36 వోల్టుల యాక్చుయేటర్‌కి డైసెక్ 1.2 (సేవ్ చేసిన స్థానాలకి మోటారుని పంపే పద్ధతి) పెట్టి, ఒక్కో శాటిలైట్‌నీ వెతికి సేవ్ చేసుకోవాల్సిందే. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వచ్చి ఆపి సేవ్ చేయండి, కీళ్లలో ఆట ఉన్నా తేడా తగ్గుతుంది.

ఇదే డిష్‌కి కేయూ ఎల్‌ఎన్‌బీ కూడా పెట్టొచ్చా?

రేకు డిష్ నున్నగా ఉంటే పెట్టొచ్చు. కానీ ఎనిమిది అడుగుల డిష్‌కి కేయూలో పుంజం వెడల్పు 0.7 డిగ్రీలే. సీ-బ్యాండ్‌లో ఎవరికీ తెలియని ప్రతి తప్పూ అక్కడ బయటపడుతుంది. డీడీ ఫ్రీ డిష్ కోసమే అయితే రెండడుగుల డిష్ విడిగా పెట్టుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చింది. డిష్‌ని ఎలా వదలాలి?

83 మీదికి తెచ్చి వదలండి. అక్కడ డిష్ నేల మట్టానికి 21 డిగ్రీల వాలులో పడుకున్నట్టు ఉంటుంది, అడ్డంగా వచ్చే గాలికి తక్కువ దొరుకుతుంది. నిండు రేకు ఎనిమిది అడుగుల డిష్‌కి గంటకి వంద కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే దాదాపు 300 కిలోల తోపు వస్తుంది. పడుకున్న డిష్‌ని కిందనుంచి ఎత్తేసే ప్రమాదం ఉంది కాబట్టి అంచుకి మూడు చోట్ల నైలాన్ తాళ్లు కట్టి శ్లాబు కొక్కేలకి లాగండి. పిట్టగోడ ఇటుకలకి కట్టకండి, గోడతో సహా వెళ్లి వీధిలో పడుతుంది. కేబుల్ రిసీవర్ నుంచి, మోటారు తీగలు పొజిషనర్ నుంచి తీసేయండి. గాలి మొదలయ్యాక డాబా ఎక్కొద్దు.

ఇదంతా చేసే ముందు ఒక పని. క్లాంపు మీదుగా స్తంభం మీదికి దిగేలా తెల్ల పెయింటుతో సన్నటి గీత నిలువుగా గీయండి. ఇరుసు బోల్టు దగ్గర ఇంకోటి, డెక్లినేషన్ బోల్టు దగ్గర ఇంకోటి. మూడింటినీ దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోండి. తుఫాను వెళ్లి ఎండ వచ్చాక ముందు ఆ గీతలు చూడండి. ఏదైనా విరిగి పక్కకి జరిగి ఉంటే బోల్టులు వదులు చేసి గీత కలిపి బిగించి, ఆ తర్వాత 83 పెట్టండి.